యంత్రంతో నాటు వేయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఈ సార్వాకి, అంటే ఈ వానకాలం పంటకి, ఐదెకరాలూ యంత్రంతోనే నాటిస్తానన్నావు. ఇంట్లో బీపీటీ 5204 (సాంబమసూరి) విత్తనం ఉంది, ఎకరాకి ఎన్ని కిలోలు నానబెట్టాలో చెప్పమన్నావు. సంతోషం. కానీ ఎకరాకి ఇన్ని కిలోలని ఒక్క ముక్కలో రాసేస్తే నిన్ను తప్పుదోవ పట్టించినట్టే. ఆ లెక్క గింజ లావునిబట్టి మారుతుంది, యంత్రం నారుచాపలోంచి (ట్రేలో వేళ్లు అల్లుకుని చాపలా తయారైన నారులోంచి) ఎంత ముక్క కోసుకుంటుందో దాన్నిబట్టీ మారుతుంది. వంగడం తయారైంది ఒకచోట, యంత్రం తయారైంది ఇంకోచోట. రెండూ మొదటిసారి ఎదురుపడేది నీ నారు ట్రేలోనే. అక్కడ పొసిగితేనే పొలంలో పొసుగుతుంది.

ముందు వంగడం సంగతి. పాతకాలపు పొడుగు వరికి నత్రజని కాస్త ఎక్కువైతే చాలు, వెన్ను బరువుకి నేలకి ఒరిగిపోయేది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 8ని విడుదల చేసింది. ఇండోనేసియా పొడుగు రకం పేటాని తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌తో సంకరం చేస్తే వచ్చిన వంగడం అది. ఆ పొట్టి రకంలో జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోనుకి సంబంధించిన జన్యువు ఒకటి సరిగా పనిచేయదు. అందుకే కాండం కురచగా నిలబడుతుంది, వెన్ను మాత్రం చిన్నది కాదు. 1967లో మన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు ఐఆర్ 8ని పండించి చూపించారు. ఆ పొట్టితనం రాకపోతే ఇవాళ కోత మిషన్లు ఇంతగా తిరిగేవి కావు. పడిపోయిన చేలో మిషను వెన్నుల్ని అందుకోలేదు, అందుకున్నా మట్టితో సహా లాగుతుంది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన నీ 5204లోకి కూడా తైచుంగ్ నేటివ్-1 అనే తైవాన్ పొట్టి రకం వైపు నుంచి ఆ పొట్టితనం వచ్చింది. అయినా యూరియా మితిమీరితే అది పడిపోతుంది. ఈ మాట మళ్లీ కోత దగ్గర పనికొస్తుంది.

ఇక యంత్రం. చాపనారు నాటే యంత్రాలు 1960ల చివర్లో జపాన్‌లో రూపుదిద్దుకున్నాయి. వరసకీ వరసకీ మధ్య 30 సెం.మీ. దూరం అక్కడి నుంచి వచ్చిందే. మనకి అద్దెకొచ్చే చాలా యంత్రాల్లో దాన్ని మార్చడానికి వీల్లేదు. వరసలో కుదురుకీ కుదురుకీ (ఒకేచోట కలిపి నాటిన మొక్కల గుంపుని కుదురంటాం) మధ్య దూరాన్ని మాత్రం 12 నుంచి 21 సెం.మీ. దాకా మార్చుకోవచ్చు. నువ్వు 14 దగ్గర పెట్టించు. అప్పుడు చదరపు మీటరుకి 24 కుదుళ్లు పడతాయి. చేతినాటులో 33 ఉండాలంటారు కదా, తక్కువైపోయాయేమోనని కంగారుపడకు. యంత్రం లేతనారుని 2–3 సెం.మీ. లోతులోనే నాటుతుంది కాబట్టి పిలకమొగ్గలు బురదలో కూరుకుపోవు. పైగా 5204 నూటయాభై రోజుల పంట, పిలకలు పెట్టుకోవడానికి దానికి వ్యవధి ఉంది. అదే దాళ్వాలో, అంటే రబీలో, 120 రోజుల ఎంటీయూ 1010 రకం వేస్తే అంత వ్యవధి ఉండదు. అప్పుడు 12కి దించితే 28 కుదుళ్లు వస్తాయి.

ఇప్పుడు నువ్వడిగిన లెక్క. ఎక్కువమంది తప్పేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదువు. ట్రే లోపలి కొలత 28 × 58 సెం.మీ. యంత్రం నాటువేలు (నారుని కోసి నాటే ఇనుప గోరు) చాపని అడ్డంగా 20 ముక్కలు చేస్తుంది, అంటే ముక్క వెడల్పు 1.4 సెం.మీ. నిలువుకోత 1.2 సెం.మీ. పెడితే ఒక్కో ట్రే నుంచి 970 కుదుళ్ల దాకా వస్తాయి. ఎకరాకి కావలసినవి 96 వేల కుదుళ్లు. అంటే 100 ట్రేలు. కుదురుకి నాలుగు మొక్కలు అనుకుంటే ట్రేలో 3,900 మొక్కలు నిలవాలి. మొలకశాతం 85 అయితే 4,600 గింజలు చల్లాలి.

ఆ గింజల్ని బరువులోకి మార్చు. 5204 వెయ్యి గింజలు 14–15 గ్రాములు తూగుతాయి. కాబట్టి ట్రేకి 67 గ్రాములు చాలు. 1010 వెయ్యి గింజలు 23 గ్రాములకి అటూ ఇటూ ఉంటాయి, దానికి 105 గ్రాములు కావాలి. అందరూ చెప్పే ‘ట్రేకి వంద గ్రాములు’ అన్నది లావు గింజకి సరిపోయే మాట. సన్నాలకి అదే వేస్తే కుదురుకి ఆరేడు మొక్కలు పడతాయి. ట్రేలోనే ఒకదాన్నొకటి తోసుకుని నారు సన్నగా సాగుతుంది, గాలి ఆడక అడుగున కుళ్లు పడుతుంది. కాబట్టి నీ బస్తాలోంచి వెయ్యి గింజలు లెక్కపెట్టి చిన్న కాటా మీద నువ్వే తూచుకో. వంద గింజలు తడిగుడ్డలో చుట్టి మొలకశాతం కూడా చూసుకో. మొత్తం మీద ఎకరాకి 7 కిలోల 5204 సరిపోతుంది. ఎకరాకి ఐదు ట్రేలు అదనంగా వేసుకో, మూలల్లో చేత్తో పెట్టడానికి ఉంటాయి.

ఇంకో జాగ్రత్త. ఈ బరువులన్నీ పొడిగింజవి. నానబెట్టి మండె కట్టిన (మొలకెత్తడానికి తడిగోనెలో కప్పి ఉంచిన) గింజ దాదాపు మూడోవంతు బరువెక్కుతుంది. మొలకెత్తిన గింజనే 67 గ్రాములు తూచి చల్లితే నారు పలచబడి, పొలంలో కుదుళ్లు తప్పిపోతాయి. తడిగింజైతే 87 గ్రాములకి సరిపోయే డబ్బా ఒకటి కొలతగా పెట్టుకో.

కిలో విత్తనానికి లీటరు నీళ్లు, అందులో ఒక గ్రాము కార్బెండజిమ్ కలిపి 24 గంటలు నానబెట్టు. తర్వాత 24 గంటలు మండె కట్టు. ముక్కు తెల్లగా కనిపించగానే, 2 మి.మీ. దాటకముందే చల్లేయాలి. మొలక పొడుగైతే ఒకదానికొకటి చిక్కుకుని గుత్తులుగా పడతాయి. ఒకవేళ ఈమధ్యే కోసిన విత్తనం వాడాల్సొస్తే దానికింకా నిద్రావస్థ ఉండొచ్చు. లీటరు నీటికి 6.3 మి.లీ. గాఢ నత్రికామ్లం కలిపి ఒకరోజు నానబెట్టి, బాగా కడిగి మండె కట్టాలి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలే గాని ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. చేతికి గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకు. పాత్ర ప్లాస్టిక్‌దే వాడు.

ట్రేలోకి మట్టి. మన నల్లరేగడి ఒక్కటే పోస్తే ఎండినప్పుడు బీటలిస్తుంది, తడిసినప్పుడు నాటువేలికి అతుక్కుంటుంది. ఎర్రమట్టి గాని కాలవ ఒండ్రు గాని తెచ్చి, బాగా చివికిన పశువుల ఎరువు ఐదోవంతు కలిపి, 4–5 మి.మీ. జల్లెడతో జల్లించు. ఒక్క గులకరాయి మిగిలినా నాటువేలు వంకరపోతుంది, వేలు బాగయ్యేదాకా ఆ వరస మొత్తం ఖాళీ. ట్రేకి నాలుగు కిలోలకి పైనే పడుతుంది కాబట్టి ఎకరాకి 450 కిలోల మట్టి చూసుకో. వానలు మొదలవకముందే జల్లించి పాకలో పోసుకో. జూన్‌లో తడిమట్టి జల్లించడం అయ్యే పని కాదు. అందులో యూరియా మాత్రం కలపకు, లేతవేరు మాడిపోతుంది.

మట్టి 2 సెం.మీ. పోసి, చెక్కతో సమం చేసి తడుపు. గింజని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా రెండు విడతలుగా చల్లి, పైన అరసెంటీమీటరు మట్టి కప్పు. 1.2 మీటర్ల వెడల్పు మడి కట్టి, చిల్లులు పొడిచిన పాలిథీన్ పట్ట పరిచి, ట్రేలు రెండేసి చొప్పున పక్కపక్కన పేర్చు. ఎకరా నారుకి 16 మీటర్ల పొడవు మడి సరిపోతుంది. పాత పద్ధతిలో ఐదు సెంట్లు పట్టేది ఇప్పుడు అరసెంటులోపు ఇమిడిపోతుంది. అందుకే దీన్ని ఇంటి దగ్గరే, రోజూ కళ్లబడే చోట పెట్టుకో. మొదటి మూడు రోజులు తడిగడ్డి కప్పి రోజ్‌క్యాన్‌తో చల్లు. పచ్చదనం రాగానే గడ్డి తీసేసి కాలవల్లోకి నీళ్లు పెట్టు. పదో రోజుకి నారు పసుపెక్కితే లీటరుకి 5 గ్రాముల యూరియా కలిపి చల్లి, వెంటనే మంచినీళ్లతో కడుగు.

14–18 రోజులకి నారు 12–15 సెం.మీ. ఎదుగుతుంది. చాపని చాపలా చుట్టి ఎత్తితే తెగకుండా రావాలి, అప్పుడు అది సిద్ధమైనట్టు. ఇరవై రోజులు దాటితే వేళ్లు పెనవేసుకుని యంత్రం కోయలేక చింపుతుంది. అద్దె యంత్రం అనుకున్న రోజుకి రాకపోవడం ఎప్పుడూ ఉండేదే. కాబట్టి ఐదెకరాల ట్రేలూ ఒకేరోజు వేయకు. మూడెకరాలవి ఒకరోజు, మిగతావి నాలుగు రోజుల తేడాతో వెయ్యి. నాటేముందు రోజు సాయంత్రం నీళ్లు ఆపేయి. తడి ఎక్కువైన చాప యంత్రం పళ్లెం మీద జారి కుప్పపడుతుంది, ఎండిపోయినది కిందికి దిగదు.

దమ్ము సంగతి. చేతినాటుకి మోకాటిలోతు బురద ఉన్నా నడుస్తుంది, యంత్రానికి నడవదు. రోటావేటర్‌తో ఐదారు అంగుళాలకి మించకుండా దమ్ము చేయించు. ఎకరాకి 20 కిలోల జింక్ సల్ఫేటు ఆఖరి దమ్ములో వెయ్యి. డీఏపీ వేసేటప్పుడే దాన్ని కలిపి వేయకు, రెండూ కలిస్తే జింకు పైరుకి అందదు. తర్వాత మన బరువునేలలో రెండు మూడు రోజులు బురద పేరుకోనివ్వాలి. వేలితో గీత గీసి చూడు. గీత వెంటనే మూసుకుపోతే ఇంకా పలచనే, నాటిన కుదురుని పక్కవరస ఫ్లోటు (యంత్రం కింద బురద మీద జారే పీట) తోసే బురద కప్పేస్తుంది. ఎంతసేపటికీ మూసుకోకపోతే గట్టిపడిపోయింది, వేరు నిలవదు. నెమ్మదిగా మూసుకుంటే సరైన పదును. నీళ్లు 1–2 సెం.మీ. చాలు, అంతకన్నా ఉంటే మొక్కలు తేలిపోతాయి.

యంత్రం దిగాక మొదట పది మీటర్లు మాత్రమే నాటించి, ఆపి, వంద కుదుళ్లు లెక్కపెట్టు. ఐదు లోపు తప్పితే పట్టించుకోకు, పక్క కుదుళ్లు పిలకలేసి ఆ చోటు నింపుతాయి. ఒకే వరసలో తప్పుతుంటే ఆ వేలు చూడమను. అన్ని వరసల్లోనూ తప్పుతుంటే నారు పలచన, నిలువుకోత పెంచమను. కుదురుకి ఆరేసి మొక్కలు పడుతుంటే కోత తగ్గించమను. గట్టువార ఆరు వరసల యంత్రానికి 1.8 మీటర్లు వదిలించి, అది చివర్లో నాటించు. లేకపోతే మలుపుల్లో నాటిందంతా చక్రాల కింద పోతుంది. డ్రైవరు తొందరపెడతాడు. ఈ పది మీటర్ల దగ్గర మాత్రం తలవంచకు.

నారు పొట్టిది కాబట్టి మొదటి పది రోజులూ నీ భయమంతా వానకే ఉండాలి. నాటకముందే మురుగు బోదె బాగుచేయించు. పల్లపు చెక్క అరెకరం ఉందన్నావు కదా, అందులో 5204 వద్దు, స్వర్ణ-సబ్1 వేయి. మారుటేరు పరిశోధన కేంద్రంవారి స్వర్ణ రకంలోకి ఒడిశా రకం ఎఫ్ఆర్ 13ఎ నుంచి ముంపుని తట్టుకునే జన్యువుని తెచ్చి చేసిన రకం అది, 2009లో వచ్చింది. రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది. అయితే పూతమీద ముంపొస్తే అదీ కాపాడలేదు. ఎండాకు తెగులు ఏటా వచ్చే చెక్క ఉంటే వచ్చే ఏడాదికి మెరుగైన సాంబమసూరి చూడు. 2008లో హైదరాబాద్‌లోని వరి పరిశోధన డైరెక్టరేటు, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) కలిసి ఎక్స్ఎ5, ఎక్స్ఎ13, ఎక్స్ఎ21 అనే మూడు జన్యువుల్ని 5204లో కూర్చాయి. అవి ఆ ఒక్క తెగులుకే. అగ్గితెగులుకీ సుడిదోమకీ నీ కాపలా ఎప్పటిలాగే ఉండాలి.

నత్రజని మూడు సమానభాగాలు చేసి దమ్ములో, పిలకల దశలో, అంకురం దశలో (కాండం లోపల వెన్ను మొదలయ్యేటప్పుడు) వెయ్యి. వెన్ను బయటపడ్డాక ‘ఇంకో అరబస్తా’ అని ఎవరన్నా వినకు. 5204 పడిపోయేది అప్పుడే. పడిపోయిన చేనుకి కోత మిషను గంటల లెక్క పెరుగుతుంది, గింజ తరుగుతుంది. కోతకి వారం పది రోజుల ముందు నీళ్లు తీసెయ్యి. అయినా నేల ఆరకపోతే టైరు మిషను దించకు, చైను మిషను మాట్లాడుకో. టైర్ల గాడులు పడితే వచ్చే దమ్ముకి నేల ఎగుడుదిగుడై, నాటు యంత్రం ఒకచోట మునిగి ఒకచోట తేలుతుంది.

వచ్చే ఏటికి విత్తనం కట్టుకోవాలంటే మాత్రం మిషను గింజ వాడకు. దాని కడుపులో ముందు కోసిన చేను గింజలుంటాయి, నూర్చే సిలిండరు దెబ్బకి గింజ లోపల పగులుతుంది. చేను మధ్యలో పది సెంట్లు ముందే గుర్తుపెట్టుకుని, కేళీలు (వేరే రకం మొక్కలు) ఏరేసి, కొడవలితో కోయించి, కొట్టించి, తేమ 13 శాతానికి దిగేదాకా నీడపట్టున ఆరబెట్టు. ఐదెకరాలకి నీకు కావలసింది 35 కిలోలే కదా, ఒక గోనెసంచి.

ట్రేలు వేసిన రోజు ఫోన్ చెయ్యి. వెయ్యి గింజల బరువెంత వచ్చిందో ముందు అది చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య