ట్రయల్స్ సైకిల్‌కు తేలిక బోల్టులు: ఎక్కడ వేయొచ్చు, ఎక్కడ వద్దు

ప్రశ్న: రాళ్ల మీద గెంతడానికి వాడే నా ట్రయల్స్ సైకిల్లో స్టీలు బోల్టులన్నీ తీసేసి అల్యూమినియంవి వేద్దామనుకుంటున్నాను. బరువు మూడో వంతుకు పడిపోతుందంటున్నారు. హ్యాండిల్‌బార్‌ను పట్టి ఉంచే స్టెమ్‌కి కూడా వేసుకోవచ్చా?

జవాబు: స్టెమ్‌కి వద్దు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

స్టెమ్ ముందు ప్లేటుకు సాధారణంగా నాలుగు ఎం5 (5 మిల్లీమీటర్ల మందం) బోల్టులుంటాయి, బిగించే బలం (టార్క్) 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. పొడి మరలో ఆ టార్క్‌కు బోల్టు మీద పడే లాగుడు దాదాపు 5,000 న్యూటన్లు. ఎం5 మరలో ఈ లాగుడును మోసే వైశాల్యం 14.2 చదరపు మిల్లీమీటర్లే. అంటే ఒత్తిడి 350 మెగాపాస్కల్స్ (చదరపు మిల్లీమీటరుకు 350 న్యూటన్లు). బిగించేటప్పుడు పడే మెలి కూడా కలుపుకుంటే 450 అవుతుంది. గట్టి రకమని పేరున్న 7075-టీ6 అల్యూమినియం 500 దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. మరకు గ్రీజు రాశారా, అదే 5 న్యూటన్ మీటర్లకు లాగుడు 6,600 న్యూటన్లు అవుతుంది, ఆ హద్దు దాటిపోతుంది. సైకిలెక్కకముందే బోల్టు పాడైపోయిందన్నమాట.

ఇక ఎక్కాక వెనక చక్రం మీద వేసే ప్రతి గెంతుకూ హ్యాండిల్‌బార్‌ను గుంజుతారు, దిగినప్పుడల్లా దాని మీద బరువు వేస్తారు. ఇలా మారిమారి పడే లోడుకు స్టీలులోనూ టైటానియంలోనూ ఒక కింది హద్దు ఉంటుంది. దానికి లోపల ఉన్నంతసేపు పగులు పుట్టదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. లోడు చిన్నదైనా సరిపడా సార్లు పడితే ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది, ముందు హెచ్చరికా ఉండదు. నాలుగింటిలో ఒకటి తెగితే మిగతా మూడింటి మీద భారం పెరుగుతుంది. ఆ తర్వాత బార్ చేతిలోకి ఊడి వస్తుంది.

కాబట్టి గ్రాముల సంగతి తర్వాత. ముందు ఒక్కో బోల్టు దగ్గరా ‘ఇది తెగితే ఏమవుతుంది’ అని అడగండి. ‘ఏదో లొడలొడలాడుతుంది’ అన్నది జవాబైతే అల్యూమినియం వేసుకోండి. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) టాప్ క్యాప్ బోల్టు అలాంటిదే. బేరింగుల్లో వదులు తీయడమే దాని పని, స్టెమ్ బిగించాక దానికి పెద్దగా పనిలేదు. బ్రేకు గొట్టాన్ని పట్టే క్లిప్పుల బోల్టులూ అంతే. నిజం చెప్పాలంటే సీటూ బాటిలూ లేని ఈ సైకిల్లో ఇలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

‘పడిపోతాను’ అన్నది జవాబైతే గ్రేడ్ 5 టైటానియం లేదా మంచి స్టీలు. స్టెమ్, బ్రేకు మౌంటు, రోటర్ (బ్రేకు పళ్లెం), బ్రేకు లీవర్ క్లాంపు ఈ జాబితాలోకి వస్తాయి. 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల దాకా బిగించే క్రాంక్ (పెడల్ కాడ) బోల్టు, వెనక ఇరుసు బోల్టులు మాత్రం స్టీలుగానే ఉండనివ్వండి.

లాభం ఎంతో కూడా తెలుసుకోండి. సగటున నాలుగున్నర గ్రాములున్న 24 స్టీలు బోల్టులు మొత్తం 108 గ్రాములు. అన్నిటినీ టైటానియం చేస్తే తగ్గేది 47 గ్రాములు.

ప్రశ్న: టైటానియం అని అమ్మే బోల్టుల ధరల్లో చాలా తేడా ఉంది. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: అది టైటానియమేనా అన్నది తేల్చడం తేలిక. ఏ గ్రేడ్ అన్నదే చిక్కు.

గ్రేడ్ 5లో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసి ఉంటాయి. అది 830 మెగాపాస్కల్స్ దాకా సాగకుండా నిలుస్తుంది. గ్రేడ్ 2 దాదాపు శుద్ధ టైటానియం, 275 దగ్గరే లొంగిపోవచ్చు. అంటే పై జవాబులో వద్దన్న అల్యూమినియం కన్నా మెత్తన! రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి, బరువూ దాదాపు ఒకటే.

అయస్కాంతం పెట్టి చూడమంటారు చాలామంది. టైటానియం అంటుకోదు, నిజమే, కానీ స్టెయిన్‌లెస్ కూడా పెద్దగా అంటుకోదు. తక్కెడ దీనికన్నా నయం. అదే కొలత స్టీలు బోల్టు 4 గ్రాములుంటే టైటానియంది 2.3 గ్రాముల దగ్గర తూగాలి. గ్రేడ్ తేల్చే ఉపాయం మాత్రం ఇంట్లో లేదు. గ్రేడ్ 5 అని, మరలు కోసినవి కాకుండా రోలింగ్ చేసినవని (లోహాన్ని నొక్కి మర తేల్చినవని) అమ్మేవారు రాసి ఇవ్వకపోతే కొనకండి. రోలింగ్ చేసిన మర అడుగున లోహం నొక్కుకుని ఉంటుంది, పగులు అంత త్వరగా మొదలవదు. తల కాడను కలిసే చోట పదునైన మూల కాకుండా చిన్న వంపు ఉందేమో కూడా చూడండి. బరువు తగ్గించడానికి తలకు తూట్లు పొడిచిన రకాలను స్టెమ్‌కు వాడొద్దు.

ప్రశ్న: టైటానియం బోల్టు అల్యూమినియం ఫ్రేములో పట్టేసుకుంది. ఇంకోసారి ఇలా కాకుండా ఏం చేయాలి? థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) రాయాలా, గ్రీజా?

జవాబు: టైటానియం పొడిగా రాసుకుంటే ఎదుటి లోహానికి అతుక్కుపోతుంది. టైటానియం బోల్టుకు టైటానియం నట్టు వేస్తే మరీ ఘోరం. అల్యూమినియంలోనైతే, తడి చేరినప్పుడు అల్యూమినియం వైపు తుప్పు పట్టి మర బిగుసుకుపోతుంది. మర శుభ్రం చేసి, పట్టేయకుండా ఉంచే యాంటీ సీజ్ పేస్టు పలచగా రాయండి. మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పండి. పవర్ డ్రిల్లు వద్దు. తయారీదారు చెప్పిన టార్క్ పొడి మరకైతే ఐదో వంతు తగ్గించండి.

రోటర్ ఎం5 బోల్టులకు పేస్టు రాయకండి, మధ్యరకం థ్రెడ్‌లాకర్ రాయండి. ఒకే మరకు రెండూ కలపకూడదు. టైటానియం మీద థ్రెడ్‌లాకర్ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి ఒక రోజంతా ఆగి బ్రేకు వేయండి.

పొడవు తప్పినా ఇబ్బందే. అల్యూమినియంలోకి వెళ్లే మర బోల్టు మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు దిగాలి, అంటే ఎం5కు 7.5, ఎం6కు 9 మిల్లీమీటర్లు. తక్కువైతే ఫ్రేములో మర ఊడొస్తుంది. మరీ పొడవైతే మూసిన రంధ్రం అడుగున తగిలి ఆగిపోతుంది. బిగింపు సరిపోయినట్టు టార్క్ రెంచ్ ‘టక్’ మంటుంది గానీ పట్టు మాత్రం ఉండదు.

ప్రశ్న: స్టీలే వేస్తే 12.9 (బోల్టు బలాన్ని తెలిపే అంకె) మంచిదా, స్టెయిన్‌లెస్సా?

జవాబు: మామూలు స్టెయిన్‌లెస్ ఏ2-70 రకం 450 మెగాపాస్కల్స్ దగ్గర సాగుతుంది. 8.8 స్టీలుది 640, 10.9ది 900కు పైనే. తుప్పు పట్టదన్నది తప్ప స్టెయిన్‌లెస్‌కు బలంలోనూ బరువులోనూ గొప్పేమీ లేదు. స్టెమ్‌కు 10.9 సరిపోతుంది. 12.9 వాడితే నల్లటి పూత ఉన్నదే తీసుకోండి. ఎలక్ట్రోప్లేటింగ్ (కరెంటుతో వేసే లోహపు పూత) చేసినవాటిలో హైడ్రోజన్ చేరి లోహం పెళుసవ్వొచ్చు. ఈరోజు బిగించిన బోల్టు తల రేపు దానంతటదే ఎగిరిపోవచ్చు. తుప్పు వదిలించడానికి యాసిడ్‌లో నానబెట్టినా ఇదే ప్రమాదం.

ప్రశ్న: సైకిల్ అడుగున రాళ్ల దెబ్బ కాచే బాష్ ప్లేటుకున్న కౌంటర్‌సంక్ (తల లోపలికి మునిగే) బోల్టుల తలలు అరిగిపోయి అలెన్ కీ జారుతోంది.

జవాబు: మామూలు ఎం5 తలకు 4 మిల్లీమీటర్ల కీ పడితే, కౌంటర్‌సంక్ తలకు పట్టేది 3 మిల్లీమీటర్లే, లోతూ తక్కువ. వీలైతే టార్క్స్ (ఆరు మొనల నక్షత్రం ఆకారం) తల ఉన్నవి వేయండి. రాళ్లకు నేరుగా తగిలే చోటు కాబట్టి ఇక్కడ అల్యూమినియం వద్దు, స్టీలు చాలు. తలలోని మట్టిని పిన్నుతో గీకి తీశాకే కీ పెట్టండి. సగం జారడానికి కారణం ఆ మట్టే.

ప్రశ్న: బోల్టు సాగిందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఎప్పుడు మార్చాలి?

జవాబు: పాతదాని మరల్లో అదే కొలత కొత్తదాని మరలు అమర్చి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పళ్లు చివరిదాకా కూర్చోకుండా సందులో వెలుతురు కనిపిస్తే పాతది సాగింది, పారేయండి. కొత్తవి వేశాక మొదటి సాధన అవగానే టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. స్టెమ్ ప్లేటుకైతే ఎదురెదురు బోల్టులు మార్చి మార్చి బిగించి, పైనా కిందా సందు సమానంగా ఉంచండి (తయారీదారు ఒకవైపు సందు మూసేయమన్న స్టెమ్‌లు తప్ప). బోల్టు తల మీదుగా పెయింటు పెన్నుతో ఒక గీత గీస్తే కదిలిందో లేదో చూడగానే తెలుస్తుంది. బార్ నేలకు గట్టిగా కొట్టుకున్నా, నాలుగింటిలో ఒకటి తెగినా, వంగినా, నాలుగూ ఒకేసారి మార్చండి.