ఒకే హిప్ హాప్ బృందం సభ్యులు విడివిడిగా తెచ్చిన ఆల్బమ్‌లను ఎలా సమీక్షించాలి?

బృందం ఆల్బమ్‌తో పోల్చి మార్కులు వేయకండి. ముందు బీట్లు, అంటే ర్యాప్ వెనక వినిపించే సంగీతం, ఎవరివో చూడండి. న్యూయార్క్ హిప్ హాప్ బృందం వూ-టాంగ్ క్లాన్‌నే తీసుకోండి. 1995లో దాని సభ్యులు రేక్వాన్, జిజా సోలో ఆల్బమ్‌లు కొన్ని నెలల తేడాతో వచ్చాయి. రెండింటికీ సంగీతం దాదాపు అంతా అదే బృందంలోని నిర్మాత రిజాదే, అయినా ఒకదానికొకటి పోలికే ఉండదు. రేక్వాన్‌ది మాఫియా సినిమాలా సాగుతుంది. బృందంలోని మరో ర్యాపర్ ఘోస్ట్‌ఫేస్ కిల్లా కవర్ మీదా ఉంటాడు, చాలా పాటల్లోనూ ఉంటాడు. కాబట్టి దాన్ని ఇద్దరి ఆల్బమ్‌గానే వినాలి.

జిజా 'లిక్విడ్ స్వోర్డ్స్' సమురాయ్ సినిమాలోని ఒక పిల్లాడి మాటలతో మొదలవుతుంది. జిజా గొంతు పెంచడు, ఒక్క మాట వృథా చేయడు. నాకైతే ఇదే గొప్పది. సీడీలో చివరి పాట బీట్ మాత్రం రిజాది కాదు, ఫోర్త్ డిసైపుల్ అనే మరో నిర్మాతది. ఆ తేడా చెవికి ఇట్టే తెలిసిపోతుంది. సమీక్షలో రాయాల్సింది అలాంటివే.