దుబాయ్ మీదుగా కువైట్ అంటున్నడు ఏజెంటు, చెల్లెను పంపొచ్చా?

ప్రశ్న: మా చెల్లెకు 27 ఏండ్లు, ఏడో తరగతి దాకా చదివింది. మణికొండల ఒకరింట్ల ఉండి మంచం మీదున్న ముసలమ్మను చూసుకుంటది, రాత్రి పగలు అదే డ్యూటీ. ఒక ఏజెంటు కువైట్‌ల ఇదే పనికి డబల్ జీతం ఇప్పిస్తా, ముందు దుబాయ్‌కి విజిట్ వీసా మీద పోవాలె అంటున్నడు, పాస్‌పోర్టు గూడ తీసుకున్నడు. పంపొచ్చా మేడమ్?
– ఒక అక్క, బోరబండ

జవాబు: పంపొద్దమ్మా. ముందు ఆ పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోండి, ఇవ్వనంటే పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి, అది ప్రభుత్వ ఆస్తి, ఏజెంటు దాచుకోవడానికి లేదు.

మధ్యలో దుబాయ్ ఎందుకొచ్చిందంటే, పది పాసవ్వనివాళ్లది ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు, గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకి పనికెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి కావాలి, ఇంటిపనికెళ్లే ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. మీ చెల్లెలికి ఆ క్లియరెన్స్ రాదు కాబట్టి టూరిస్టులా ఎక్కిస్తున్నాడు. అలా వెళ్తే ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో పేరుండదు, 10 లక్షల ప్రవాసీ బీమా ఉండదు, రేపు జీతం ఆపేస్తే ఎంబసీలో చూపించడానికి కాంట్రాక్టు కాగితం కూడా ఉండదు.

కువైట్‌లో చట్టం ఉంది, 2015లో వచ్చిన 68వ నంబర్ చట్టం. ఇంట్లో ఉండి పనిచేసేవాళ్లకి రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, మానేసేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికి నెల జీతం. కానీ పడుకునేది కూడా పేషెంటు గదిలోనే అయితే ఆ 12 గంటలు లెక్కపెట్టేదెవరమ్మా? అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, కఫీల్ చేతిలో, అంటే పనిలో పెట్టుకున్న యజమాని చేతిలో ఉంటుంది, తట్టుకోలేక బయటికొస్తే పారిపోయిందని కేసు పెడతాడు, ఇక ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి అయిపోయి దాక్కుని బతకాలి.

ఆ 30 ఏళ్ల రూలు మీద నాకూ కోపమే, కాపాడతామని దారి మూసేస్తే అవసరం ఉన్నవాళ్లు ఆగట్లేదు, ఇలాంటి ఏజెంట్ల చేతిలో పడుతున్నారు. 30 దాటాక వెళ్లాలనిపిస్తే విదేశీ ఉద్యోగాలకి పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి, ఈసీఆర్ ఆడవాళ్ల రిక్రూట్‌మెంట్ 2016 నుంచి ఇలాంటి ప్రభుత్వ సంస్థలకే అప్పగించారు.

అప్పటిదాకా మణికొండ ఇంటి సంగతి చూడండి. మన దగ్గర ఇళ్లలో పనిచేసేవాళ్ల గంటల గురించి కేంద్ర చట్టమే లేదు, కాబట్టి అన్నీ నోటిమాటే అయిపోతున్నాయి. ఆ ఇంటివాళ్లతో మీరే కూర్చుని మాట్లాడండి, వారానికో రోజు సెలవు, రాత్రి లేపితే పగలు నిద్రకి టైము, జీతం నెలనెలా ఆమె బ్యాంకు ఖాతాలోనే, ఇవి ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి.