టీవీకి కలిపే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

అల్లుడూ,

చేతిలో ఆడే కన్సోల్‌ని టీవీకి కలపడానికి కొందామని నువ్వు పంపిన డాక్‌ల (కన్సోల్‌కీ టీవీకీ మధ్య పెట్టే పెట్టెల) లింకులన్నీ చూశాను. ఫోటోల్లో అన్నీ ముద్దుగానే ఉన్నాయి. దాదాపు అన్నిటి కిందా ‘అన్ని కన్సోల్స్‌కీ పనిచేస్తుంది’ అని రాసుంది. ఆ మాట కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. ఏ కన్సోల్‌తో పెట్టి చూశారో పేరు రాయలేదంటే, దేనితోనూ సరిగ్గా పెట్టి చూసుండరు.

అలాగని అసలు కంపెనీ డాకే కొనమని నేను చెప్పను. వేరే కంపెనీల సామాను వాడటంలో తప్పేం లేదు, కొన్ని అసలుదానికన్నా నయంగా ఉంటాయి కూడా. అయితే ఆ చిన్న పెట్టె రెండు పనులు చేస్తుంది. కన్సోల్ నుంచి బొమ్మ తీసుకుని టీవీకి పంపుతుంది, ఛార్జర్ నుంచి కరెంటు తీసుకుని కన్సోల్‌కి ఇస్తుంది. బొమ్మ పని సరిగ్గా చేయకపోతే టీవీ తెర నల్లగా ఉంటుంది, వస్తువు తిరిగిచ్చేస్తావు. కరెంటు పని సరిగ్గా చేయకపోతే కన్సోలే పోతుంది. కాబట్టి డబ్బు మిగుల్చుకోవాలనుకుంటే బొమ్మ వైపు మిగుల్చుకో. కరెంటు వైపు వద్దు.

అసలు నీ కన్సోల్ బొమ్మని బయటికి పంపగలదా అన్నది ముందు చూడాలి. యూఎస్‌బీ-సీ పోర్ట్ ఉన్నంత మాత్రాన అందులోంచి బొమ్మ రాదు. దానికి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనేది, అంటే ఆ పోర్ట్‌లోంచే బొమ్మ పంపే ఏర్పాటు, కన్సోల్ లోపలే ఉండాలి. నింటెండో స్విచ్‌కి ఉంది, స్విచ్ ఓలెడ్‌కి ఉంది, స్విచ్ లైట్‌కి లేదు. లైట్‌ని టీవీకి కలుపుతామంటూ ఎవరు ఏ అడాప్టర్ అమ్మినా డబ్బు దండగ. డీఎస్, 3డీఎస్, పీఎస్ వీటాలదీ అదే కథ. వాటిని విప్పి లోపల బొమ్మని బయటికి తీసే క్యాప్చర్ బోర్డు సోల్డరింగ్ చేసి పెట్టేవాళ్లున్నారు గానీ, అది నువ్వు ఇంట్లో కూర్చుని చేసుకునే పని కాదు. వీటా ఆటలు టీవీ మీద ఆడాలనుంటే 2013లో సోనీ వేరే చిన్న పెట్టె ఒకటి తెచ్చింది, ప్లేస్టేషన్ వీటా టీవీ అని. అదిప్పుడు పాత సామానుగానే దొరుకుతుంది, పైగా టచ్ తెర మీద ఆధారపడిన ఆటలు కొన్ని దానిలో ఆడవు.

సోనీ పాత చేతి కన్సోల్ పీఎస్‌పీ ఉందన్నావు కదా, దాని తిక్క దానిదే. మొదటి మోడల్ 1000కి టీవీ అవుట్‌పుట్ లేనే లేదు. 2007లో వచ్చిన 2000కి ఉంది, కానీ ఆటల బొమ్మ కాంపోనెంట్ కేబుల్‌లోంచే (బొమ్మకి మూడు రంగుల పిన్నులుండేది) వస్తుంది, అదీ ప్రోగ్రెసివ్, అంటే గీతలన్నీ ఒకేసారి వచ్చే బొమ్మ, తీసుకునే టీవీకే. పసుపు రంగు పిన్ను ఉండే మామూలు ఏవీ కేబుల్ పెడితే మెనూ, వీడియోలు కనిపిస్తాయి, ఆట మొదలుపెట్టబోతే కనిపించదు. 3000 మోడల్‌లో ఆ ఇబ్బంది తీసేశారు. కేబుల్ ఎంత మంచిదైనా ఆట తెర నిండా రాదు, చుట్టూ నల్ల అంచు ఉంటుంది. పీఎస్‌పీ తన 480×272 బొమ్మని 720×480 చట్రం మధ్యలో పెట్టి పంపుతుంది మరి. కేబుల్ పాడైందని మారుస్తూ కూర్చోకు. టీవీ రిమోట్‌లో జూమ్ ఉంటే నొక్కు, అంతే.

ఇక స్విచ్. నీ టెన్షన్ అంతా దీని గురించే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

డాక్‌లో పెడితే బొమ్మ మెరుగవుతుంది కాబట్టి డాక్ లోపలేదో బలం ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. కన్సోల్ తనకి చాలినంత కరెంటు అందిందని చూసుకుని తన వేగం తానే పెంచుకుంటుంది, చేతిలో 720పీ ఉన్నది టీవీ మీద 1080పీ దాకా వెళ్తుంది. డాక్ చేసేదల్లా డిస్‌ప్లేపోర్ట్ బొమ్మని హెచ్‌డీఎంఐగా మార్చడం, కరెంటు అందించడం. అందుకే అరచేతిలో పట్టే హబ్ (ఒక పోర్ట్‌ని అనేక పోర్టులుగా చేసే చిన్న పెట్టె) కూడా ఆ పెద్ద డాక్ చేసే పనంతా చేయగలదు.

స్విచ్‌తో వచ్చే ఛార్జర్ మీద 15 వోల్టులు, 2.6 ఆంప్స్ అని ఉంటుంది. అంటే 39 వాట్లు. టీవీ మోడ్‌లోకి వెళ్లడానికి ఆ 15 వోల్టులు దానికి కావాలి. ఫోన్ ఛార్జర్లు చాలావరకు 5 దగ్గరో 9 దగ్గరో ఆగిపోతాయి. అలాంటిది పెడితే బ్యాటరీ నెమ్మదిగా నిండుతూనే ఉంటుంది, టీవీలో మాత్రం బొమ్మ రాదు. వేరే కంపెనీ డాక్‌ల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇలాంటివి చాలా ఉంటాయి, డాక్ తప్పేమీ ఉండదు. అసలు ఛార్జర్ నీ దగ్గర ఎలాగూ ఉంది, దాన్నే కొత్త డాక్‌కి పెట్టు. ఛార్జర్‌తో కలిపి సెట్‌గా అమ్మేవాటికన్నా ఖాళీ డాక్ కొనడమే నాకు నచ్చుతుంది, ఎందుకంటే ఆ సెట్లలో తేలిపోయేది ఎప్పుడూ ఛార్జరే.

కన్సోల్ పోతుందన్న భయం ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా తెలుసుకో. 2018 మార్చిలో స్విచ్‌కి 5.0 అప్‌డేట్ వచ్చాక, వేరే కంపెనీ డాక్‌లు వాడినవాళ్ల కన్సోల్స్ కొన్ని మళ్లీ ఆన్ కాకుండా పోయాయి. పెద్ద గొడవైంది. లైసెన్స్ లేని సామాను వాడొద్దని నింటెండో చెప్పింది. అలాంటివి జరగడానికి యూఎస్‌బీ-సీ పోర్ట్‌లోనే వీలుంది. అందులో 24 పిన్నులుంటాయి, ఒక పిన్నుకీ పక్క పిన్నుకీ మధ్య అర మిల్లీమీటరే. కరెంటు మోసే పిన్ను పక్కనే సీసీ అనే పిన్ను ఉంటుంది. ఎన్ని వోల్టులు కావాలో, ఎన్ని ఇవ్వగలవో ఛార్జర్, కన్సోల్ బేరమాడుకునేది దాని మీదే. బేరం కుదరకుండానే వోల్టేజీ పెంచేసే నాసిరకం సర్క్యూట్ అయినా, ప్లగ్ కొలతలు సరిగ్గా లేక పక్క పిన్నుకి తగిలినా, తట్టుకోలేని చోటికి ఎక్కువ వోల్టులు వెళ్తాయి. కన్సోల్ లోపల పవర్ చూసుకునే చిన్న చిప్ కాలిపోతుంది. అది పోతే ఛార్జింగ్ లేదు, టీవీ లేదు, కొన్నిసార్లు ఆన్ అవడమూ లేదు.

అందుకే నిలబెట్టి దూర్చే డాక్‌ల కంటే చిన్న తోక కేబుల్ ఉన్న హబ్‌లు నాకు నచ్చుతాయి. కన్సోల్ బరువు ప్లగ్ మీద పడదు, ప్లగ్‌ని కంటితో చూస్తూ తిన్నగా పెట్టొచ్చు, డాక్ గోడలకి తెర గీసుకుపోదు. పెట్టేటప్పుడు బిగుతుగా అనిపించినా, పెట్టాక వదులుగా ఊగినా ఆ హబ్ వాడకు. ‘పని చేస్తోంది కదా’ అని ఊరుకునే విషయం కాదిది.

స్విచ్ 2 కొనే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడు తీసుకునే డాక్ దానికీ పనికొస్తుందని లెక్కేసుకోకు. 2025 జూన్‌లో వచ్చిన ఆ కన్సోల్ డాక్‌లో 20 వోల్టులు అడుగుతుంది, దాని ఛార్జర్ 60 వాట్లది. పాత స్విచ్ డాక్ దానికి పనిచేయదు. డాక్‌తో అది తన సొంత పద్ధతిలో మాట్లాడుతుంది, అందువల్ల వోల్టులు సరిపోయిన హబ్‌లు కూడా మొదట్లో చాలా వరకు దానితో పనిచేయలేదు. ఆ తర్వాత దాని కోసమే చేసినవి వచ్చాయి. అలాంటిది కొంటే, డాక్‌కి ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇస్తామని చెప్పే తయారీదారు దగ్గరే కొను. కన్సోల్ అప్‌డేట్ అయిన మర్నాడు డాక్ మూగబోతే సరిచేసే దిక్కు ఉండాలి కదా.

స్టీమ్ డెక్ లాంటివి ఇంత పేచీ పెట్టవు. అవి నిజానికి చిన్న కంప్యూటర్లే, మామూలు ల్యాప్‌టాప్ హబ్‌లు చాలావరకు వాటికి సరిపోతాయి. డెక్‌కి 45 వాట్లు కావాలి. అయితే హబ్ తన వాటా కొంత తానే తినేస్తుంది, నువ్వు తగిలించే కీబోర్డు, డ్రైవు ఇంకొంత లాగుతాయి. 65 వాట్ల ఛార్జర్ ఉంటే నిశ్చింత. హబ్ మీద ‘4కే’ అని పెద్దక్షరాలతో ఉంటే పక్కనే 30 హెర్ట్జ్ (సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) అని ఉందా, 60 అని ఉందా చూడు. 30 అయితే 4కేలో పెట్టగానే మౌస్ కూడా ఈడ్చినట్టు కదులుతుంది. అంతమాత్రాన 4కే కోసం పాకులాడకు, డెక్ తెరే 1280×800. టీవీ మీద 1080పీ, 60 హెర్ట్జ్ పెట్టుకుంటే చాలు. ఆట బొమ్మ మసకగా కనిపిస్తే ఆ ఆట ప్రాపర్టీస్‌లోకి వెళ్లి రిజల్యూషన్ పెంచు.

కేబుళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. యూఎస్‌బీ-సీ కేబుళ్లలో ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి ఉంటాయి, వాటిలోంచి బొమ్మ వెళ్లదు. హెచ్‌డీఎంఐకి ‘ప్రీమియం హై స్పీడ్’ రకం 4కే 60కి కూడా సరిపోతుంది, బంగారు పూత, అల్లిక తొడుగు వగైరాలకి డబ్బులు పోయకు. బొమ్మ వైపు పొదుపు చెయ్యమన్నది ఇక్కడే. వైర్‌లెస్‌గా తెర పంపే డాంగిల్స్ సినిమాకి సరే, దూకే ఆటకి పనికిరావు, బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యంగా వస్తుంది.

ఆలస్యం మాట వచ్చింది కాబట్టి, డాక్‌ని తిట్టేముందు టీవీలో గేమ్ మోడ్ (బొమ్మకి మెరుగులు తగ్గించి ఆలస్యం తగ్గించే సెట్టింగ్) ఆన్ చెయ్యి. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. బొమ్మకి మెరుగులు దిద్దడానికి టీవీ అంతకు ఎన్నో రెట్లు ఆపుకోగలదు. అంచులు తెగి స్కోరు కనిపించకపోతే టీవీ సెట్టింగ్స్‌లో ‘జస్ట్ స్కాన్’ అనో ‘స్క్రీన్ ఫిట్’ అనో ఉంటుంది, అది నొక్కు.

కంట్రోలర్ ఏ కంపెనీదైనా పరవాలేదు. చవకవాటితో నిద్రలో ఉన్న స్విచ్‌ని లేపడం కుదరకపోవచ్చు, కదలికల సెన్సర్ ఉండకపోవచ్చు, అట్ట పెట్టె మీద చదువుకో. 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో (యూఎస్‌బీలో పెట్టే చిన్న వైర్‌లెస్ ముక్కతో) వచ్చేది కొంటే ఒక చిట్కా గుర్తుంచుకో. యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీలోనే రొద పుడుతుంది. హబ్‌లో డ్రైవు పక్కనే డాంగిల్ పెడితే కంట్రోలర్ ఆగి ఆగి పలుకుతుంది, కంట్రోలర్ చెడిందనిపిస్తుంది. ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని అర మూర అవతల పెడితే సరిపోతుంది.

చివరికి మీ నాన్న దాచిన గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్‌లు, అంటే నింటెండో పాత చేతి కన్సోల్‌లో పెట్టే ఆటల బిళ్లలు. నిజం చెప్పాలంటే ఈ ఉత్తరంలో నాకు ఇష్టమైన భాగం ఇదే. వీటిని టీవీ మీద ఆడాలన్న కోరిక కొత్తదేం కాదు. 1994లోనే నింటెండో సూపర్ గేమ్‌బాయ్ అని తెచ్చింది, దాన్ని సూపర్ నింటెండోలో పెట్టి గేమ్‌బాయ్ ఆటలు ఆడేవాళ్లు. ఆట వేగాన్ని నడిపే గడియారం ఆ పెద్ద కన్సోల్‌ది వాడుకోవడం వల్ల ఆట సుమారు 2.4 శాతం వేగంగా నడిచేది, పాట శ్రుతి కూడా ఆ మేరకు పెరిగేది. 2003లో గేమ్‌క్యూబ్ కింద బిగించే గేమ్‌బాయ్ ప్లేయర్ వచ్చింది. పాత సామానులో అది కనిపిస్తే డిస్క్ ఉందా అని అడుగు, ఆ డిస్క్ లేకపోతే మామూలుగా అది మొదలవ్వదు. డిస్క్ విడిగా కొనాలంటే చుక్కలు కనిపిస్తాయి.

ఈరోజు వేరే కంపెనీలు చేసేవి రెండు తీరులు. రెట్రాన్ 5 లాంటివి కార్ట్రిడ్జ్‌లో ఉన్నది చదివేసుకుని సాఫ్ట్‌వేర్‌తో ఆడిస్తాయి. అనలాగ్ పాకెట్ లాంటివి ఎఫ్‌పీజీఏ చిప్‌తో (లోపలి సర్క్యూట్‌ని మనకి కావలసినట్టు మార్చుకునే చిప్‌తో) పాత యంత్రం నడకనే తిరిగి కడతాయి, దాన్ని టీవీకి కలపాలంటే దాని డాక్ విడిగా కొనాలి. ఆడుతుంటే రెండోదే నాకు నచ్చింది. మొదటి తీరు పెట్టెలో ఆట సేవ్ అయ్యేది పెట్టె లోపల, కార్ట్రిడ్జ్‌లోకి తిరిగి రాయమని మనమే చెప్పాలి. మీ నాన్న సేవ్ అలాగే ఉండాలనుకుంటే ఏదీ మొదలుపెట్టకముందే దాని కాపీ తీసుకో. చాలా గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్‌లలో సేవ్‌ని నిలబెట్టేది లోపలున్న చిన్న బిళ్ల బ్యాటరీ, అది ఇంకా బతికి ఉంటే మీ అదృష్టం.

బొమ్మ సైజు మాత్రం తెర నిండా సాగదీయకు. గేమ్‌బాయ్ తెర 160×144. 1080 గీతల టీవీలో 144ని ఏడు రెట్లు చేస్తే 1008, పైనా కిందా సన్నటి అంచు మిగులుతుంది. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌ది 160 గీతలు, ఆరు రెట్లకి 960. సెట్టింగ్స్‌లో ‘ఇంటీజర్ స్కేలింగ్’ అని ఉంటే అది పెట్టు, ప్రతి చుక్కా సమానంగా, పదునుగా కనిపిస్తుంది. కార్ట్రిడ్జ్ తీసేటప్పుడు, పెట్టేటప్పుడు పవర్ ఆఫ్‌లో ఉండాలి. కాంటాక్టులు మురికిగా ఉంటే నోటితో ఊదకు, తడి తగిలి తుప్పు పడుతుంది. దూది పుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడువు, పూర్తిగా ఆరాకే పెట్టు.

నువ్వు పంపిన లింకుల్లో తోక కేబుల్ ఉన్న ఆ బూడిద రంగు హబ్ పరవాలేదనిపిస్తోంది. దాని వెనక లేబుల్ ఫోటో ఉంటే పంపు, ఇన్‌పుట్‌లో 15 వోల్టులు రాసుందో లేదో చూసి చెప్తాను. రాసి లేకపోతే కొనకు.

ఉంటాను,
మీ మామయ్య