అమ్మమ్మ గొంతు, మూడు వందల రూపాయల కార్డు

నల్గొండ

బిడ్డా,

దసరా సెలవుల్లో దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి ముసలమ్మల చేత నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు పాడించుకొని రికార్డు చేస్తావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఇంతవరకు ఎవరికీ రాని ఆలోచన. వింటుంటే కడుపు నిండింది. అంతలోనే, లాప్‌టాప్ నుంచి ఫోనులోకి ఎక్కించిన పాటల్లో సగం మాయమయ్యాయని కూడా చెప్పింది. ఇక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు చిన్న సంగతులు. మ్యూజిక్ ప్లేయర్‌లో కనబడనంత మాత్రాన పాట పోయినట్టు కాదు. ఫైల్స్ యాప్‌లోకి వెళ్లి చూడు. అక్కడ ఉంటే ఫోను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయి, జాబితా తయారవుతుంది. అప్పటికీ రాకపోతే ఆ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే 'నోమీడియా' అనే ఫైలు ఉందేమో వెతుకు. అది ఉన్న ఫోల్డర్‌ను ప్లేయర్లు, గ్యాలరీ పట్టించుకోవు. కాపీ కాగానే కేబుల్ లాగేయకు. ఏదో ఒక యాప్ సొంత ఫోల్డర్‌లో పాటలు దాచకు, ఆ యాప్ తీసేస్తే అవీ దానితోనే పోతాయి. కొత్త మెమరీ కార్డు పెట్టినప్పుడు దాన్ని ఫోను స్టోరేజీలో కలపమంటావా అని ఫోను అడిగితే, వద్దను. కలిపితే ఆ కార్డును వేరే ఏ ఫోనూ చదవలేదు.

కార్డు అన్నాను కాబట్టి అసలు మాట చెబుతాను. నీకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. మీ అమ్మకూ సగమే తెలుసు.

2014లో తెలంగాణ వచ్చింది, బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. మన పండుగను సర్కారు కూడా చేస్తోందని మీ అమ్మమ్మ సంబరం అంతా ఇంతా కాదు. సద్దుల నాటి పొద్దున వేపచెట్టు కింద తంగేడు, గునుగు ముందు పోసుకొని, పేర్చుకుంటూనే పదకొండు పాటలు పాడింది. అన్నీ రికార్డు చేశాను. అప్పటికి స్టూడియో కంప్యూటర్ పెళ్లి వీడియోలతో నిండిపోయి మొరాయిస్తోంది. కోఠిలో ఫుట్‌పాత్ మీద 64 జీబీ కార్డు మూడు వందలకు దొరికితే, నా అంత తెలివైనవాడు లేడనుకొని తెచ్చాను. దుకాణంలో అప్పట్లో దాని ధర రెండు వేల పైమాటే. అప్పుడైనా అనుమానం రావాలి కదా!

ముందు పెళ్లిళ్లు ఎక్కించాను, చివర అమ్మ పాటలు. పేర్లన్నీ కనబడ్డాయి, సైజులూ సరిగ్గా ఉన్నాయి. ఒక్కటీ తెరిచి వినలేదు. ఆ ధైర్యంతో కంప్యూటర్ ఫార్మాట్ చేశాను.

అది నిజానికి 8 జీబీ కార్డు. 64 అని అబద్ధం చెప్పేలా దాన్ని మార్చి అమ్మారు. ఫైళ్ల పేర్లు రాసుకునే చిట్టా కార్డు మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేర్లు నిలిచాయి. ఎనిమిది దాటాక రాసిందంతా గాలిలో రాసినట్టే. ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి తెల్లవార్లూ వెతికాను. చెరిపేసింది దొరుకుతుంది కానీ, అసలు రాయనిది ఎక్కడ దొరుకుతుంది? మళ్లీ పాడించుకుందాంలే అనుకున్నాను. సంక్రాంతికి ముందే అమ్మ పోయింది.

అందుకే చెబుతున్నాను, కోపగించుకోకు. కొత్త కార్డు కొన్నాక హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షించు. అది కార్డును నిండా నింపి మళ్లీ చదివి చూస్తుంది, గంటలు పట్టినా ఆపకు. నీ పాత కార్డునూ నమ్మకు. ముసలి కార్డు కాపీ చేసుకున్నట్టే నటిస్తుంది, ఫోను ఆపి ఆన్ చేస్తే ఏమీ ఉండదు. నీ విషయంలో అదే జరిగిందని నా అనుమానం. కాపీ అయ్యాక ఫోను ఆపి, ఆన్ చేసి, అన్నిటికంటే చివర ఎక్కించిన పాటను చివరి దాకా విను. ఫోను ఆపకుండా వెంటనే వింటే అది తన జ్ఞాపకంలో ఉన్నదాన్ని వినిపించి మోసం చేయవచ్చు. ఊళ్లో రికార్డు చేసినవి ఆ రాత్రే ఇంకో చోటికి ఎక్కించు. ఏదైనా మాయమైతే ఆ కార్డులో కొత్తది ఏదీ రాయకుండా బయటికి తీసి నాకు తెచ్చివ్వు. లాప్‌టాప్‌లో చోటు చాలడం లేదని అసలువి చెరిపేశావో, ఈ మామయ్య ఇంటి గడప తొక్కకు.

తొక్కకపోతే నేనే వస్తాననుకో. ఎండలో తిరుగుతావు, మజ్జిగ సీసా మరవకు. చీకటి పడకముందే బస్సు ఎక్కు.

ఇంకో సంగతి. అమ్మ పాటల్లో ఒకటి నా పాత కీప్యాడ్ ఫోనులో రింగ్‌టోన్‌గా మిగిలింది. నలభై సెకన్లు. పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను, రెండు కాపీలు నా దగ్గర ఉన్నాయి. మధ్యలో మేక అరుస్తుంది. అది మన మేకే, కత్తిరించకు.

మీ మామయ్య