డాక్టర్ సలహా: మా అబ్బాయి ఉండే కౌంటీలో క్యాన్సర్ ఎక్కువట... అక్కడ ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. మాది గుంటూరు. మా అబ్బాయి, కోడలు అమెరికాలో కెంటకీ రాష్ట్రం తూర్పు వైపు, పైక్‌విల్ దగ్గర ఉంటారు. అబ్బాయికి 46, కోడలికి 42, మనవరాలికి 11. కోడలు అక్కడి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. అక్కడే ఇల్లు కొనాలని చూస్తున్నారు. ఈమధ్య మా తమ్ముడి కొడుకు ఫోన్‌లో అమెరికా క్యాన్సర్ మ్యాప్ చూపించాడు. కౌంటీల వారీగా రంగులు వేశారు. మావాళ్లుండే వైపంతా ముదురు ఎరుపే. నీళ్లలో ఏమైనా ఉందా, బొగ్గు గనుల వల్లనా అని ఒకటే టెన్షన్. అబ్బాయి పదిహేనేళ్లు సిగరెట్లు తాగి ఆరేళ్ల కింద మానేశాడు. ఇల్లు కొనొద్దని చెప్పమంటారా? వచ్చే నెల మేమిద్దరం వెళ్లి ఆరు నెలలు ఉండొస్తాం. నాకు ఎడమ రొమ్ములో చిన్న గడ్డలాగా తగులుతోంది. నొప్పేమీ లేదు. తిరిగొచ్చాక చూపించుకుందామనుకుంటున్నాను.

జవాబు: అమ్మా, ఇంటి సంగతి తర్వాత. ముందు మీ ఉత్తరంలోని చివరి మాట. గడ్డ తగిలి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. ఎన్నాళ్లయినా సరే, విమానం ఎక్కేలోపే చూపించుకోవాలి, అదీ ఈ వారంలోనే. రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కానీ 63 ఏళ్ల వయసులో కొత్తగా గడ్డ తగిలిందంటే, క్యాన్సర్ కాదని తేల్చుకునేదాకా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నొప్పి లేదు కదా అని ధైర్యం చెప్పుకోకండి. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. అందుకే అంతమంది ఆలస్యంగా వస్తారు.

సర్జన్ చేత్తో పరీక్షించి చూస్తారు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్ తీయిస్తారు. అనుమానం ఉంటే ఆ చోట మాత్రమే మత్తిచ్చి సూదితో చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుందని మా ఓపీలో రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అది నిజం కాదు. మొత్తం వారం, పది రోజుల పని.

ఇంకో సంగతి. మీలాంటి పెద్దవాళ్లు అమెరికా వెళ్లేటప్పుడు తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్స్ సాధారణంగా ముందునుంచీ ఉన్న జబ్బుకు డబ్బివ్వదు. మామోగ్రామ్‌లాంటి స్క్రీనింగ్‌కు, అంటే జబ్బు బయటపడకముందే చేసే పరీక్షకు, అసలే ఇవ్వదు. అక్కడికెళ్లాక గడ్డ పెరిగితే సొంత డబ్బుతో అక్కడి బిల్లులు కట్టాలి, లేదా టికెట్ మార్చుకుని వెనక్కి రావాలి. పిల్లల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక, నోరు విప్పకుండా ఆరు నెలలూ గడిపి, దిగిన మర్నాడు మా దగ్గరికి వచ్చిన తల్లుల్ని నేను చూశాను. ఒకావిడ పవిట తీస్తే చర్మం నారింజ తొక్కలా గుంటలు పడి ఉంది. మనవడి పుట్టినరోజు అయ్యాక చెబుదామనుకున్నానండీ అంది.

ఇక మ్యాప్. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే, కాకపోతే బాగా చిన్నది. ఒక్క కెంటకీలోనే 120 కౌంటీలున్నాయి. మీవాళ్లుండేది అపలాచియన్ కొండల ప్రాంతం, అందులోకి 54 కౌంటీలు వస్తాయి. క్యాన్సర్ అని తేలిన ప్రతి మనిషి వివరాలూ అక్కడి రిజిస్ట్రీకి చేరతాయి. వయసు, ఏ అవయవం, ఏ దశ, ఏ కౌంటీ, అన్నీ రాసుకుంటారు. రాష్ట్రాలన్నిటిలో ఈ పని సాగడానికి 1992లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. కాబట్టి మీరు చూసిన మ్యాప్ ఉత్త పుకారు కాదు. అయితే దాన్ని చదవడంలో చాలామంది పొరబడతారు.

ఫ్లోరిడాలో యూనియన్ కౌంటీ అని ఒకటుంది. పదిహేను, పదహారు వేల జనాభా. అమెరికా కౌంటీలన్నిటి క్యాన్సర్ మరణాల లెక్క 2017లో జామా వైద్యపత్రికలో వచ్చింది. అందులో 2014 సంవత్సరానికి లక్ష మందికి 503 మరణాలతో అన్నిటికన్నా పైన ఉన్నది ఈ కౌంటీయే. అన్నిటికన్నా కింద ఉన్న కొలరాడోలోని సమ్మిట్ కౌంటీలో ఆ లెక్క 71 లోపే. ఏడు రెట్ల తేడా. అంకె చూస్తే ఎవరికైనా అక్కడి నీళ్లమీదే అనుమానం వస్తుంది. కానీ ఆ కౌంటీలోని లేక్ బట్లర్ అనే ఊళ్లో జైళ్ల శాఖ ఆసుపత్రి ఉంది. జబ్బు చేసిన ఖైదీలను రాష్ట్రం నలుమూలల నుంచీ అక్కడికి తెస్తారు. వాళ్లంతా ఆ చిన్న కౌంటీ లెక్కలోకే వస్తారు. ఆ అంకె అంత పెరగడానికి పెద్ద కారణం ఇదే. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు ఈ సంగతి వివరించలేక విసిగిపోయి ఉంటారు పాపం.

చిన్న కౌంటీతో ఇంకో చిక్కు. పది కేసులు పదిహేనైతే రంగు మారిపోతుంది. అందుకే కౌంటీలో 16 కన్నా తక్కువ కేసులుంటే అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్ ఆ అంకెను అసలు చూపించదు. వయసు సంగతీ అంతే. పిల్లలంతా హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయి ముసలివాళ్లే మిగిలిన ఊళ్లో క్యాన్సర్ ఎక్కువ కనిపించడంలో వింతేముంది? వయసు తేడాను సరిచేసి వేసిన మ్యాపా కాదా అని మీ తమ్ముడి కొడుకుతో చూడమనండి. కిందెక్కడో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

కేసులు ఎక్కువున్నచోటల్లా మనుషులు ఎక్కువగా చనిపోతారనీ అనుకోకూడదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన దాటితే మారిన్ కౌంటీ వస్తుంది. బాగా డబ్బున్నవాళ్ల ఊళ్లు, శుభ్రమైన గాలి. 1990ల్లో అక్కడ రొమ్ము క్యాన్సర్ కేసులు చాలా ఎక్కువని పెద్ద గొడవైంది. అక్కడి ఆడవాళ్లు ఆలస్యంగా పిల్లల్ని కనడం, నెలసరి ఆగాక హార్మోన్ మాత్రలు వాడటం, తప్పకుండా మామోగ్రామ్ చేయించుకోవడంతో చిన్న గడ్డలూ బయటపడటం, ఇవన్నీ కలిసి కేసుల సంఖ్యను పెంచాయి. ఆ మాత్రలతో రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 2002లో ఒక పెద్ద పరిశోధన తేల్చాక చాలామంది మానేశారు. ఆ కౌంటీలో కొత్త కేసులు తగ్గాయి కూడా.

ఇవన్నీ సరిచేసి చూసినా తూర్పు కెంటకీ మాత్రం ఎర్రగానే ఉంటుంది. మీకు అబద్ధం చెప్పను. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కెంటకీ ఏళ్ల తరబడి దేశంలోనే ముందుంది. పొగాకు అక్కడ తరతరాలుగా పండించిన పంట. మన గుంటూరు వాళ్లకు దాని గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. గనుల మీద, నీళ్లలోని లోహాల మీద పరిశోధనలు సాగుతున్నాయి, గనుల్లో పనిచేసినవాళ్ల ముప్పూ వేరు. కానీ ఇప్పటికి తెలిసినంతలో అతిపెద్ద కారణం సిగరెట్టే. అది మట్టిలోంచి మీ అబ్బాయికి ఎక్కేది కాదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మ్యాప్‌లోని రెండో లెక్క. జబ్బు వచ్చినవాళ్లలో ఎందరికి ముదిరాక బయటపడింది అన్నది. ఈ లెక్క గురించి ఎవరూ అడగరు. అమెరికా రిజిస్ట్రీల లెక్క ప్రకారం, రొమ్ము దాటకముందే పట్టుకున్న క్యాన్సర్‌లో ఐదేళ్ల తర్వాత బతికుండేవాళ్లు దాదాపు 99 శాతం. ఎముకలకో కాలేయానికో పాకాక బయటపడితే 30 శాతం దగ్గర ఆగిపోతుంది. పెద్దపేగు క్యాన్సర్‌లో ఇదే లెక్క 90 శాతం నుంచి 15 శాతం దగ్గరకు పడిపోతుంది. అదే జబ్బు. తేడా ఎక్కువగా ఎప్పుడు కనిపెట్టారన్నదాంట్లోనే. తూర్పు కెంటకీ కొండల్లో ఒక మనిషికి మలంలో రక్తం పడిందనుకోండి. పెద్ద క్యాన్సర్ సెంటర్ లెక్సింగ్టన్‌లో ఉంది, పైక్‌విల్ నుంచి రెండున్నర గంటల డ్రైవ్. కారు ఉండాలి, ఒకరోజు జీతం పోవాలి, ఇన్సూరెన్స్ ఉండాలి. వచ్చే నెల వెళ్దాంలే అనుకుంటాడు.

ఈ కథ మనకు కొత్తేం కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని. అంగిలి మీద వచ్చే క్యాన్సర్ ఆ జిల్లాల్లో కనిపించినంతగా వేరేచోట అరుదు. భీమిలి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మను నోరు తెరవమంటే అంగిలంతా తెల్లగా మందం కట్టి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు, ఒక పక్కన పుండు. పుండు ఎప్పటినుంచి అంటే, కారం తినలేకపోవడం మొదలై ఏడాదైందట. ఏడాదిగా పచ్చడి మానేసి మజ్జిగన్నం తింటోంది తప్ప డాక్టరుకు చూపించలేదు. జిల్లా వైద్యుడెవరైనా ఆర్నెల్లకోసారి ఆవిడ నోట్లో టార్చి వేసి చూసి ఉంటే చాలు. నాకు ఇప్పటికీ ఆవిడ గుర్తొస్తుంటుంది.

అయితే ఈ రెండో లెక్క మారుతుంది. మీరు భయపడుతున్న ఆ కెంటకీయే దానికి సాక్ష్యం. 1999లో అక్కడ పెద్దపేగు పరీక్ష చేయించుకున్నవాళ్లు మూడోవంతే. దేశంలో దాదాపు అట్టడుగు స్థానం. రాష్ట్రమంతా పట్టుబట్టి పనిచేస్తే 2008 నాటికి అది 60 శాతం దాటింది, తర్వాత కొత్త కేసులూ మరణాలూ తగ్గాయి. ఊపిరితిత్తుల స్క్రీనింగ్‌లోనూ ఇవాళ ముందున్న రాష్ట్రాల్లో కెంటకీ ఒకటి. డెలావేర్ అయితే మూడే కౌంటీల రాష్ట్రం. ఇన్సూరెన్స్ లేనివాళ్లకు పరీక్షే కాదు, క్యాన్సర్ తేలితే చికిత్స ఖర్చూ ప్రభుత్వమే పెట్టుకుంది. ఆసుపత్రుల్లో నర్సులను పెట్టి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, తేదీ ఇప్పించి, వచ్చేలా చూశారు. 2001 నుంచి 2009 లోపు, పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన నల్లజాతివారిలో పేగు దాటి పాకాక బయటపడేవాళ్లు 79 శాతం నుంచి 40 శాతానికి తగ్గారు. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఫోన్ చేసి పిలిచారంతే. మన ఆశా కార్యకర్తలు ముప్పై దాటినవాళ్లను నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలకు పిలిస్తే దయచేసి వెళ్లండి అని నేను ప్రతి పాఠకురాలికీ రాసేది ఇందుకే.

ఇక మీ ఇంటివాళ్ల సంగతి. ఇల్లు కొనుక్కోమనండి. కొనేముందు రేడాన్ పరీక్ష మాత్రం చేయించమనండి. రేడాన్ నేలలోంచి ఇంట్లోకి వచ్చే రేడియోధార్మిక వాయువు, రంగూ వాసనా ఉండవు. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సిగరెట్ తర్వాతి కారణం అదే. కౌంటీ మ్యాప్‌ను బట్టి మన ఇంట్లో ఎంతుందో చెప్పలేం, పక్కపక్క ఇళ్లలోనే తేడా ఉంటుంది. పరీక్ష కిట్ చవకే. లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికత కొలత), ఆపైన వస్తే పైపు, ఫ్యాను పెట్టి బయటికి పంపించే ఏర్పాటు చేస్తారు. పొగతాగిన మనిషి ఉన్న ఇంట్లో ఇది ఇంకా ముఖ్యం.

మీ అబ్బాయి రోజుకు ఎన్ని సిగరెట్లు తాగేవాడో కనుక్కోండి. రోజుకో ప్యాకెట్ చొప్పున ఇరవై ఏళ్లు, లేదా దానికి సమానంగా తాగినవాళ్లకు, మానేసి పదిహేనేళ్లు దాటకపోతే, 50 ఏళ్ల నుంచి ఏటా తక్కువ రేడియేషన్ సీటీ స్కాన్ చేయమని అక్కడి నియమం. రోజుకు ఒక్క ప్యాకెట్టే అయితే ఆ లెక్కకు రాడు, ఒకటిన్నర అయితే 50 నిండగానే వస్తాడు. మానేసినందుకు నా తరఫున మెచ్చుకోండి. పెద్దపేగు పరీక్ష మాత్రం 45కే మొదలుపెట్టాలి. అంటే అతనికి ఇప్పటికే ఏడాది ఆలస్యం. ఏటా ఇంట్లోనే చేసుకునే మల పరీక్ష, లేదా పదేళ్లకోసారి కొలనోస్కోపీ (సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష), ఏదైనా ఫర్వాలేదు. కోడలికి 40 దాటింది కాబట్టి రెండేళ్లకోసారి మామోగ్రామ్, గర్భాశయ ముఖద్వారానికి మూడేళ్లకోసారి పాప్ పరీక్ష లేదా ఐదేళ్లకోసారి హెచ్‌పీవీ (ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష. ఉద్యోగం ద్వారా వచ్చే ఇన్సూరెన్స్ చాలావరకు వీటికి జేబులోంచి పైసా అడగదు. మనవరాలికి హెచ్‌పీవీ టీకా వేయించే వయసు ఇదే.

మీ సంగతికి మళ్లీ వస్తాను. గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉంది, మంగళగిరి ఎయిమ్స్ మీకు దగ్గరే. ఇంటి దగ్గర నమ్మకమైన సర్జన్ ఉంటే అక్కడికైనా సరే. ఎప్పుడైనా మామోగ్రామ్ తీయించుకుని ఉంటే ఆ ఫిల్ములు వెంట పట్టుకెళ్లండి. మీ అమ్మగారికో, అక్కచెల్లెళ్లకో రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే అడక్కముందే చెప్పండి. మీవారిని కూడా తీసుకెళ్లండి, ఒక్కరే వెళ్లొద్దు. అబ్బాయికి ఈ రాత్రే ఫోన్ చేసి గడ్డ సంగతి చెప్పండి. రిపోర్టు రాగానే ఫొటో తీసి మాకు పంపండి, చూసి జవాబిస్తాను. ప్రయాణం తేదీ మార్చాలా అక్కర్లేదా అన్నది అప్పుడు చెబుతాను.