పండగ ఇంట్లో చంటిపిల్లకు పాలు

ప్రశ్న: అక్కా, మా పాపకు నాలుగో నెల. మొదటి దీపావళి అని నెల్లూరు నుంచి అత్తయ్య, మామయ్య, ఆడపడుచు వాళ్లు అంబత్తూరులో మా ఫ్లాట్‌కు వస్తున్నారు. పోయిన వారం బట్టలకని టి.నగర్ వెళితే ఆ జనంలో పాలివ్వడానికి చోటు దొరక్క నాలుగు గంటలు ఆపేశాను. ఇంటికొచ్చేసరికి ఎడమ రొమ్ము రాయిలా అయిపోయింది. ఇంటి నిండా చుట్టాలుంటే ఎలాగో అని టెన్షన్. ఆ నాలుగు రోజులూ పగలు డబ్బాపాలు పట్టేయనా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: చెల్లీ, డబ్బాపాలు పట్టినా నీ ఇబ్బంది తీరదు. పాప తాగకపోయినా ఆ పూట పాలు ఊరుతూనే ఉంటాయి, బయటికి రాకపోతే మళ్లీ అదే నొప్పి, రోజూ అలాగే మానేస్తూ పోతే మెల్లగా పాలే తగ్గిపోతాయి. అందుకే పండగలో ఏ పని ఆగినా సరే, పాప పూట మాత్రం తప్పనివ్వకు.

ఒక గది నీకూ పాపకూ అని మీ ఆయనతోనే వాళ్లమ్మకు ముందుగా ఫోన్‌లో చెప్పించు, ఆవిడా పిల్లల్ని పెంచినావిడే కదా. మురుకులు వత్తడం లాంటి, పొయ్యి దగ్గర నుంచి మధ్యలో లేవలేని పని మాత్రం ఒప్పుకోకు. కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం తీసుకో, పాప చేతులు నోట్లో పెట్టుకుని వెతుక్కోవడం మొదలుపెట్టగానే వదిలేసి వెళ్లిపోవచ్చు. పట్టుచీర కట్టినా జాకెట్టుకు హుక్సులు ముందుండాలి. ఈ వయసు పిల్లలు చిన్న చప్పుడుకే రొమ్ము వదిలేసి అటు తిరుగుతారు, ఇక టపాసుల మోతలో చెప్పక్కర్లేదు. తలుపేసి, లైటు తీసి, పక్కకు తిరిగి పడుకుని పట్టు. పగలు సరిగా తాగకపోతే రాత్రి ఎక్కువసార్లు లేస్తుంది, దాన్ని చూసి ‘పాలు చాలట్లేదు’ అంటారు. రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే చాలుతున్నట్టే.

మళ్లీ టి.నగర్ వెళ్లాలంటే షాపులు తెరిచే వేళకే వెళ్లు, బయల్దేరే ముందు కడుపు నిండా పట్టు, అక్కడ ట్రయల్ రూమ్ అడుగు, మొహమాటపడకు. ఊరికి బస్సెక్కాల్సొస్తే, తమిళనాడు బస్టాండ్లలో 2015 నుంచి తల్లిపాల గదులు పెట్టారు, వాడుకో. పాలు పిండి పెడితే మన చెన్నై ఎండకు బయట ఉంచకు, వెంటనే ఫ్రిజ్‌లో లోపలి వైపు పెట్టు, నాలుగు రోజులుంటాయి. పట్టేముందు గిన్నెను వేడినీళ్లలో ఉంచితే చాలు, మైక్రోవేవ్ వద్దు.

పండగ పూట లేహ్యమో పాయసమో వేలితో నాకిస్తామని ఎవరో ఒకరు వస్తారు. ఆరు నెలలదాకా నీళ్లు కూడా అక్కర్లేదు, తేనె అయితే ఏడాది నిండేదాకా అసలే వద్దు, అది పసిపిల్లలకు ప్రమాదం. ఇక్కడ మాత్రం ఎవరేమనుకున్నా సరే, గట్టిగా వద్దను.

రొమ్ము మళ్లీ గట్టిపడితే గట్టిగా పిసక్కు. పాప చేత తాగించి, తర్వాత చల్లటి గుడ్డ వేసుకో. ఎర్రబడి, చలిజ్వరం వస్తే పండగ అయ్యాక చూద్దామనుకోకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లు, ఆ రొమ్ము పాలు పాపకు ఇస్తూనే ఉండు.